అమ్మ చీరలతో బొంత కుడితే తప్పా?

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. పెట్టెలో ఉన్న ఆమె నేత చీరలతో బొంత కుట్టాలని మొదలుపెట్టాను. సూది చేతిలో ఉన్నంతసేపే మనసు నెమ్మదిస్తోంది. అందుకే మధ్యాహ్నం గది తలుపు వేసుకుంటే సాయంత్రం దాకా బయటికి రావాలనిపించదు. రిటైరై ఇంట్లోనే ఉంటున్న మావారు "ఎప్పుడు చూడు ఆ గుడ్డలేనా" అని విసుక్కుంటున్నారు. పోయినవాళ్ల చీరలకు కత్తెర పెట్టకూడదని మా వదిన అంటోంది. నేను బాధ నుంచి పారిపోతున్నానా?

సమాధానం: లేదమ్మా. పారిపోయేవాళ్లు ఆ పెట్టె మూతే తీయరు. మీరు రోజూ అమ్మ చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. కుట్టేటప్పుడు చూపూ వేలూ ఒకేచోట నిలవాలి, ఏమరుపాటుగా ఉంటే సూది గుచ్చుకుంటుంది. ఆ కాసేపూ మనసు పాత సంగతుల్నే తవ్వుకోకుండా ఆగుతుంది. ఆ ఊరట మీకు అవసరం.

వదినగారితో గొడవ వద్దు. బొంతకు కత్తెరే అక్కర్లేదు. 5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, ఒక మనిషికి చాలు. గంజి పోయేలా ఉతికి, నేలమీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. నడుమ నుంచి అంచులవైపు కచ్చా కుట్లు వేసుకుంటూ వస్తే ముడతలు పడవు. అంచూ కొంగూ అలాగే ఉంటాయి. రేపెప్పుడైనా కుట్లు విప్పితే చీర ముక్కలు కాకుండా చేతికొస్తుంది. ఈ మాట ఆవిడకు చెప్పండి. బెంగాల్ ఆడవాళ్లు పాత చీరలు, ధోవతులతో కాంథాలనే బొంతలు కుడతారు. వెనకటి రోజుల్లో కుట్టే దారం కూడా చీర అంచుల నుంచే లాగేవారు. ఇంట్లోవాళ్లు కట్టి వదిలిన బట్టకు అంత విలువ ఇచ్చారు.

నాకు ఎక్కువ ఆలోచన కలిగించింది మీవారి విసుగు. ఇన్నేళ్లూ పగలంతా నలుగురిలో ఉన్న మనిషికి ఇప్పుడు మాట్లాడటానికి మీరొక్కరే ఉన్నారు. మీరేమో తలుపు వేసుకుంటున్నారు. హాల్లో కూర్చుని కుట్టండి. చీర పరిచేటప్పుడు రెండో చివర పట్టుకోమనండి. ఈ చీర అమ్మ ఏ పండక్కి కట్టుకునేదో చెప్పండి. ఆయనకూ అత్తగారు గుర్తే కదా! టీ వేళకు మాత్రం సూది పక్కన పెట్టేయండి.

"ఇవి అమ్మితే డబ్బులొస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు. ఇప్పుడే ఒప్పుకోకండి. ఆర్డర్లు, గడువులు వచ్చాయంటే ఈ పని కూడా టెన్షనే అవుతుంది.

ఒక్కటి గమనించుకోండి. నిద్ర పట్టక రాత్రుళ్లు కూడా కుడుతున్నా, తిండి సయించకపోయినా, రెండు వారాలు దాటినా ఆ దిగులు వదలకపోయినా కుట్టు ఒక్కటే సరిపోదు. డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చేసేటప్పుడు మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.