వృద్ధాప్యంపై పరిశోధనకు ఏ పీజీ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. వయసుతో కణాలకు జరిగే నష్టాన్ని బాగుచేసే పరిశోధన చేస్తానంటోంది. ఏ పీజీ చేయించాలి? హైదరాబాద్‌లో అవకాశాలున్నాయా? ఉద్యోగం దొరుకుతుందా? – ఓ తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వృద్ధాప్యం పేరుతో ఉండే పీజీ కోసం వెతకకండి. ‘యాంటీ ఏజింగ్’ సర్టిఫికెట్ కోర్సులకైతే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఈ రంగంలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది సెల్ బయాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ చదివి వచ్చినవాళ్లే. వయసు చేసే నష్టం ఒక్క రకం కాదు. డీఎన్‌ఏ దెబ్బతింటుంది, క్రోమోజోముల చివర్లను కాపాడే టెలోమియర్లు కురచవుతాయి, పాడైన ప్రొటీన్లు పేరుకుంటాయి. విభజన ఆగిపోయినా చావకుండా చుట్టుపక్కల కణాలను చెడగొట్టే సెనెసెంట్ కణాలు మరో సమస్య. మీ అమ్మాయి వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని లోతుగా చదవాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీకి సీయూఈటీ-పీజీ, బయోటెక్నాలజీకి గాట్-బీ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఉస్మానియాకు సీపీగెట్, ఐఐటీలకు జామ్ ఉన్నాయి. పరిశోధకురాలిగా స్థిరపడాలంటే ఆ తర్వాత పీహెచ్‌డీ తప్పదు. దానికి హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, గోపనపల్లిలో టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థలు ఉన్నాయి కాబట్టి ఊరు దాటాల్సిన పని లేకపోవచ్చు.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు అక్కడ ఏ జీవి మీద పనిచేస్తున్నారో ముందు అడగమనండి. ఎలుక రెండు మూడేళ్లు బతుకుతుంది. అంటే ఐదేళ్ల పీహెచ్‌డీలో ఆయుష్షుపై గట్టిగా ఒక ప్రయోగమే పూర్తవుతుంది. అదే సీ ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగు 20 డిగ్రీల వద్ద రెండు మూడు వారాలే బతుకుతుంది. తప్పు జరిగినా నెలలో మళ్లీ మొదలుపెట్టొచ్చు. అయితే దానికీ ఓపిక కావాలి. ప్లాటినం తీగతో తాకినా కదలకపోతేనే చచ్చినట్టు లెక్క. పెంచే ప్లేటు అంచుకు పాకి ఎండిపోయిన పురుగులను ఆయుష్షు తీరి చచ్చినవాటితో కలిపితే ఫలితం తారుమారవుతుంది. వాటిని విడిగా నమోదు చేసి ఏ రోజుకు ఎన్ని బతికున్నాయో అంచనా వేసే కప్లాన్-మేయర్ అనే గణాంక పద్ధతిలో లెక్కించాలి. అందుకే స్టాటిస్టిక్స్, ‘ఆర్’ ప్రోగ్రామింగ్ డిగ్రీలోనే మొదలుపెడితే మంచిది.

కణాల మీద పనిచేస్తే వచ్చే చిక్కులు వేరు. సెనెసెంట్ కణాలను పట్టుకోవడానికి బీటా-గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ పనిచేసే చోట రంగు వచ్చే స్టెయినింగ్ చేస్తారు. ద్రావణం పీహెచ్ (ఆమ్లత్వ కొలత; తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) కచ్చితంగా 6.0 ఉండాలి. 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచితే ఆ కణాలు నీలంగా మారతాయి. అలవాటు కొద్దీ ప్లేటును కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టారంటే ఆ వాయువు కరిగి పీహెచ్ పడిపోతుంది. మామూలు కణాల్లో వ్యర్థాలను అరిగించే సంచుల్లాంటి లైసోసోముల్లోని ఎంజైమూ పని మొదలుపెట్టి, ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా నీలమవుతాయి. ప్లేటు కిక్కిరిసేదాకా పెంచిన కణాలూ ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి. అందుకే ఒక్క రంగును నమ్మకుండా కణ విభజనను ఆపే పీ16, పీ21 ప్రొటీన్ల స్థాయులు కూడా చూస్తారు. ఒక ఫలితం చేతికి రాగానే ‘ఇది ఇంకెందువల్ల వచ్చి ఉండొచ్చు?’ అని అడిగే బుద్ధి మీ అమ్మాయికి ఉంటే, ఈ రంగానికి ఆమె చాలా అవసరం.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి 28, 29 ఏళ్లు వస్తాయి. ఈ లోగా పెళ్లి ఒత్తిడి పెట్టకుండా ఉంటారా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. మధ్యలో మానేసినా కష్టం వృథా కాదు. కణాలను కలుషితం కాకుండా పెంచడం వచ్చినవాళ్లకు హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో టీకా, బయోలాజిక్స్ (జీవకణాలతో తయారయ్యే మందులు) కంపెనీల్లో పని ఉంటుంది. వృద్ధాప్యం మీదే పనిచేసే కంపెనీలు మాత్రం ఎక్కువగా విదేశాల్లోనే ఉన్నాయి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది: మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు ఏటా గడువులోపు దరఖాస్తు చేయాలి. అందులో రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేయొచ్చు. అది రాకపోతే ఒక శాస్త్రవేత్త పేపర్లు రెండు చదివి, వాటిలోని ఒక ప్రయోగంపై తన సందేహం రాస్తూ నేరుగా మెయిల్ పంపమనండి. అందరికీ ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు.