ఫర్మ్‌వేర్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పరికరాన్ని లోపలి నుంచి నడిపించే ప్రోగ్రామ్‌కి ఫర్మ్‌వేర్ అనే మాట ఎలా పుట్టిందన్న దాని మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యాలు హాయిగా నడిచాయి. కానీ మొదటి పేరా దగ్గరే నాకు పేచీ వచ్చింది. చిప్‌లో మార్చడానికి వీల్లేకుండా బిగించిన ప్రోగ్రామ్ కాబట్టి ఆ పేరొచ్చిందని రాశావు. చాలామంది ఇలాగే చెప్తారు, వినడానికి సబబుగానే ఉంటుంది. మాటల పుట్టుక గురించి రాసేవాడు భయపడాల్సింది ఇలాంటి సబబైన కథలకే.

ఈ మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అనే కంప్యూటర్ నిపుణుడు డేటామేషన్ అనే కంప్యూటర్ పత్రికలో ప్రతిపాదించాడు. ఆయన చెప్పింది మైక్రోకోడ్ గురించి. ప్రాసెసర్ ఒక్కో ఆదేశాన్ని లోపల ఏయే చిన్న అంచెల్లో అమలు చెయ్యాలో చెప్పే కోడ్ అది. ఆ పద్ధతిని బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1951లోనే సూచించాడు. ఓప్లర్ ఊహించిన మైక్రోకోడ్ ఉండేది తిరగరాయడానికి వీలున్న ప్రత్యేకమైన మెమరీలో. అందులో వేరే కోడ్ లోడ్ చేస్తే అదే మెషీన్ వేరే రకం ఆదేశాలకు పనిచేస్తుంది. హార్డ్‌వేర్ అంత గట్టిదీ కాదు, సాఫ్ట్‌వేర్ అంత మెత్తదీ కాదు, నడిమి పొర. నువ్వు రాసిన 'మార్చలేనితనం' ఆ పుట్టుకలో ఎక్కడుంది చెప్పు?

అది తర్వాత వచ్చి చేరింది. రీడ్ ఓన్లీ మెమరీలో, అంటే చదవడమే తప్ప తిరగరాయడం కుదరని మెమరీలో, రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లను కూడా జనం ఫర్మ్‌వేర్ అనడం మొదలుపెట్టాక, 'ఫర్మ్' అంటే కదలనిదనే అర్థం బలపడింది. ఆపైన ఫ్లాష్ మెమరీ వచ్చి మళ్లీ తిరగరాసే వీలు కల్పించింది. ఇవాళ రౌటర్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అంటే ఎవరికీ వింత కాదు. అర్థం అలా వెళ్లి ఇలా తిరిగొచ్చింది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే, దీనికి నువ్వు ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు.

'వేర్' అంటే సరుకు అని సరిగ్గానే రాశావు. హార్డ్‌వేర్ అంటే కంప్యూటర్లకు వందల ఏళ్ల ముందు నుంచీ ఇనుప సామానే. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం 'తొలిసారి వాడినవాడు గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ' అని తేల్చేయకు. ఆయన 1958లో ఒక గణిత పత్రికలో వాడిన సంగతిని మాటల పుట్టుకలు వెతికే ఫ్రెడ్ షపిరో 2000లో, పాత పత్రికలను కంప్యూటర్‌లో వెతికి, వెలికితీశాడు. వెతికితే అంతకంటే పాతది ఎప్పుడైనా దొరకొచ్చు. 'కంప్యూటర్ ప్రోగ్రామ్‌లనే అర్థంలో, అచ్చులో దొరికినంతలో' అని రాయి. ట్యూకీ ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాడు, అది గమనించు. మాట ఇంకా అందరికీ అలవాటు కాలేదని రచయితకు తెలుసన్నమాట. ఇలాంటి చిన్న ఆనవాళ్లు మూలం తెరిచి చూస్తేనే కనిపిస్తాయి, ఎవరో రాసిన సారాంశంలో కనిపించవు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మాల్‌వేర్, మిడిల్‌వేర్ పేరాలు తీసెయ్. ఆ చోటంతా మైక్రోకోడ్ నుంచి ఫ్లాష్ మెమరీ దాకా సాగిన ప్రయాణానికి ఇవ్వు. ముందు ఓప్లర్ వ్యాసం సంపాదించి చదువు. రెండో ప్రతి ఆ తర్వాతే మొదలుపెట్టి, పూర్తవగానే నాకు పంపు.

నీ అన్న