ఆస్తి లేనివాడికి గన్ లైసెన్స్ ఇవ్వరా?

ప్రశ్న: విశాఖ కురుపాం మార్కెట్‌లో మాకు చిన్న నగల దుకాణం ఉంది. రాత్రి కట్టేశాక సరుకు, డబ్బు స్కూటర్ మీద ఇంటికి తెచ్చుకుంటాను. రోజూ టెన్షనే. రివాల్వర్ లైసెన్స్ పెట్టుకుందామంటే, "అది ఆస్తిపరులకే. లేనివాడి చేతికి తుపాకీ వస్తే తిరగబడతాడని ప్రభుత్వానికి భయం" అంటున్నాడు మా బావమరిది. నిజమేనా?

జవాబు: బ్రిటిష్ కాలం గురించైతే మీ బావమరిది మాట కొట్టిపారేయలేం. 1878 ఆయుధ చట్టం తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చి, మనవాళ్లకు లైసెన్స్ పెట్టింది. పన్నులు, అడవి ఆంక్షలతో విసిగిన జనానికి తుపాకులు దొరికితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది ఆ తుపాకుల కోసమే.

ఇప్పుడున్నది 1959 చట్టం. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని సెక్షన్ 14(2)లో స్పష్టంగా ఉంది. నిరాకరిస్తే కారణం రాసి ఉంచాలి. మీరు అడిగితే, ప్రజాప్రయోజనానికి అడ్డు లేనంతవరకు, దాన్ని మీకు ఇవ్వాలి. తప్పకుండా అడిగి తీసుకోండి, సెక్షన్ 18 కింద అప్పీలుకు అదే ఆధారం.

అయితే అసలు కథ నడిచేది పోలీసు రిపోర్టు దగ్గర. డబ్బు మోస్తున్నానంటే సరిపోదు, మీకు ముప్పు ఉందని వాళ్లకు అనిపించాలి. గతంలో బెదిరింపులు, దోపిడీ ప్రయత్నాలు జరిగి ఉంటే ఆ ఫిర్యాదు కాపీలు జత చేయండి. జీఎస్టీ రిటర్నులు కూడా పెట్టండి. మీరు ఆస్తిపరులని చూపడానికి కాదు, అంత సరుకు నిజంగానే మీ చేతుల మీదుగా పోతోందని చూపడానికి.

అడగకపోయినా ఒక మాట. బైక్ మీద వెనకనుంచి వచ్చి సంచి లాక్కునేవాడి ముందు రివాల్వర్ తీసేంత టైమ్ మీకెక్కడుంటుంది? సంచితో పాటు అదీ పోతే, ఆ గొడవ వేరే. పైగా ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించమంటారు. నన్నడిగితే ముందు జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ (నగల వ్యాపారులకిచ్చే బీమా) చూడండి. దారిలో ఉన్న సరుకు, రాత్రి ఇంట్లో పెట్టిన సరుకు కవరవుతాయో లేదో షరతుల్లో చదివి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

లైసెన్స్ ఆలస్యమవుతోందని ఎవరో నాటు పిస్టల్ ఇప్పిస్తానంటే మాత్రం ఆ దరిదాపులకు కూడా పోకండి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకీకి కనీస శిక్ష 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు.