మిషన్ తర్వాత కొందువు గానీ, ముందు ఊళ్ళోకి రా

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన ప్రాజెక్ట్ రిపోర్టు మొత్తం చదివాను. జీడిమామిడి పండుతో జ్యూస్, క్యాండీ చేద్దామన్న ఆలోచన నాకు చాలా నచ్చింది రా. నారింజ కన్నా విటమిన్ సి ఎక్కువున్న పండు, మన ఉద్దానంలో పిక్క తీసుకుని పండుని తోటలోనే పారేస్తాం, ఏటేటా కళ్ళ ముందే కుళ్ళిపోతుంటే నాకెప్పుడూ మనసు ఉసూరుమనేది. కానీ మిషన్ల గురించి పేజీలకి పేజీలు రాశావు, పండు తెచ్చే మనుషుల గురించి ఒక్క లైనే, "స్థానిక రైతుల నుంచి సేకరణ" అని. నా భయమంతా అక్కడే.

ఎందుకంటే పిక్క ఎండబెడితే నెలల తరబడి ఆగుద్ది, పండు ఒక్క రోజు కూడా ఆగదు, పులిసిపోద్ది. ఇప్పటిదాకా అలవాటేటి? రాలినవి తీరిగ్గా ఏరి, పిక్క మెలితిప్పి తీసి, పండు అక్కడే పడెయ్యడం. నీకు కావాల్సిందేమో నలగని, మట్టి అంటని పండు, అదీ మధ్యాహ్నం లోపు షెడ్డుకి చేరాల. అంటే ఏరే ఆడవాళ్ళు తెల్లారేసరికి తోటలో ఉండాల, ఇంకో బుట్ట పట్టుకెళ్ళాల, ఆటో అతను టైముకి రావాల. వీళ్ళెవరూ నీ రిపోర్టు చదవరు, "ఈ కుర్రాడు రేపు కొనకపోతే నా కష్టం ఎవడిస్తాడు" అని ఆలోచిస్తారు, అలా ఆలోచించడం న్యాయమే. పిక్కలు అమ్మేటప్పుడు 80 కిలోల బస్తా మీద తేమ అని, తరుగు అని కోతలు పడ్డవాళ్ళు వాళ్ళు. కిడ్నీ జబ్బు గురించి అంటూ ఎవరెవరో వచ్చి రక్తం, నీళ్ళు శాంపిళ్ళు పట్టుకెళ్ళారు, తిరిగొచ్చి రిజల్టు ఇదీ అని చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే కొత్త మనిషి ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడితే లోపలికి వెళ్ళిపోతారు.

బాపట్ల వ్యవసాయ కాలేజీలో మాకు ఎక్స్‌టెన్షన్ సబ్జెక్టులో, అంటే కొత్త పద్ధతులు రైతులకి చేర్చే చదువులో, ఒక స్టడీ చెప్పేవారు. అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో 1928 ప్రాంతంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది, మంచి దిగుబడి, అయినా ఊరంతా వెయ్యడానికి పదేళ్ళ పైనే పట్టింది. రాయన్, గ్రాస్ అనే ఇద్దరు 259 మంది రైతుల్ని అడిగితే చివరికి ఇద్దరు తప్ప అందరూ వేశారు, 1943లో ఆ రిపోర్టు వచ్చింది. విత్తనం గురించి ముందు చెప్పింది ఎక్కువగా కంపెనీ సేల్స్‌మేన్లే, కానీ ధైర్యం చేసి వేసింది మాత్రం పక్క పొలం వాడు చెప్పాకే. మన దగ్గరా అంతే. 2003లో శ్రీ వరి అని నాట్లు వేసే కొత్త పద్ధతి వచ్చినప్పుడు పది రోజుల నారు, ఒక్కో మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరాకి 2 కిలోల విత్తనం అని నేను ఎంత చెప్పినా "పోతే మీ జీతం పోదు కదా బాబూ" అనేవారు. ఊళ్ళో మాట చెల్లే రైతు ఒకాయన ఒక మడిలో వేసి చూపించాకే గట్టు మీదకి జనం వచ్చారు, అదీ ఆయన వీధి వాళ్ళే. అవతలి వీధి వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు, ఆ వీధిలో ఒక్కడూ వెయ్యలేదు.

ఇలా మనుషుల మధ్య ఉండే నమ్మకాన్నీ, మాటామంతీనీ పుస్తకాల్లో సోషల్ క్యాపిటల్ అంటారు. నమ్మకం ఉంటే పండు టైముకి వస్తుంది, అది నిజమే, కానీ నేను చెప్పేది అంతకన్నా పెద్ద లాభం. ఏ చెట్టు పండు తియ్యన, ఏది మరీ వగరు, ఏ తోటలో ఏ మందు కొట్టారు, ఇవన్నీ ఏరే ఆడవాళ్ళకి తెలుసు, నమ్మినవాడికే చెప్తారు. "ఈ పద్ధతి కుదరదు బాబూ" అని మొహం మీద చెప్పేవాళ్ళు లేకపోతే నువ్వు డబ్బులన్నీ పెట్టేశాక గానీ తప్పు తెలీదు.

అందుకని మొదటి సీజన్లో పెద్ద మిషన్ కొనకు. ఒక్క ఊరు, ఒక్క మహిళా సంఘం చాలు. మహిళా సంఘాల ద్వారా పేదరికం తగ్గించే వెలుగు పథకం 2000లో మొదలైన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి, పొదుపులు, తీర్మానాల పుస్తకాలు, ఒకరి అప్పుకి ఒకరు పూచీ, ఇవన్నీ వాళ్ళకి అలవాటే, ఆ నమ్మకం నువ్వు కొత్తగా పుట్టించక్కర్లేదు. డబ్బులు ఏ రోజువి ఆ రోజు సాయంత్రం అందరి ఎదురుగా ఇవ్వు. పండు పనికిరాదంటే వాళ్ళ ముందే పక్కన పెట్టి ఎందుకో చెప్పు, తర్వాత షెడ్డులో కూర్చుని లెక్క తగ్గించకు. నష్టం వస్తే అదీ చెప్పు.

ఇంకో మాట, మన చుట్టాల తోటలతోనే సరిపెట్టుకోకు. గ్రానోవెటర్ అనే అమెరికా ఆయన 1973లో రాశాడు, ప్రాణ స్నేహితుల కన్నా ముఖ పరిచయం ఉన్నవాళ్ళ దగ్గరే కొత్త సమాచారం దొరుకుద్దని, మనవాళ్ళకి తెలిసింది చాలావరకు మనకీ తెలిసిందే కదా. వజ్రపుకొత్తూరు ఒడ్డున చేపలు ఐస్ పెట్టి పంపేవాళ్ళని కలువు, పాడైపోయే సరుకుని ఎండలో ఎలా కాపాడాలో వాళ్ళకి తెలిసినంత నీ కన్సల్టెంటుకి తెలీదు. వగరు తీయడానికి కేరళ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు సగ్గుబియ్యం జావ వాడతారు, వెళ్ళి చూసి నేర్చుకో, గోవాలో ఇదే పండుతో ఫెనీ అనే సారా తీసేవాళ్ళు ఏరడం దగ్గర ఏం జాగ్రత్త పడతారో అదీ అడుగు.

మార్చి వచ్చేసరికి పండు రాలడం మొదలవుద్ది, అప్పుడొచ్చి పరిచయాలంటే ఎవరికీ తీరిక ఉండదు. సంక్రాంతికి వచ్చి ఓ వారం ఎక్కువ ఉండు. సంఘం లీడరుతో నేను మాట్లాడి పెడతాను, కానీ మీటింగులో మాట్లాడాల్సింది నువ్వే, నేను వెనక కూర్చుంటాను. ఆ రిపోర్టు మాత్రం తేకు.

మీ మావయ్య,
కాశీబుగ్గ