ఇరవయ్యారు వారాలంటే నూట ఎనభై రెండు రోజులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాన్పు సెలవు గురించి, పిల్లల్ని ఎక్కడ వదిలి పనికి పోవాలన్న దిగులు గురించి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని. నాలుగేళ్లుగా అదే ప్లాంటు. కూలి మాత్రం మేస్త్రీ ఇస్తాడు, కిలోల లెక్కన. నాకిప్పుడు ఆరో నెల. సెలవు డబ్బుల సంగతి అడిగితే “నువ్వు కంపెనీ మనిషివి కాదు, ఇప్పుడు మానేసి కాన్పయ్యాక రా” అంటున్నాడు. నాకేమన్నా హక్కు ఉందా? ఉంటే ఎంత వస్తుంది?
– ఒక సోదరి, ఇందుకూరుపేట మండలం

జవాబు: హక్కు ఉందమ్మా. మేస్త్రీ చెప్పిన ఆ ఒక్క మాటకు జడిసి ఎంతోమంది వదులుకుంటున్న హక్కు ఇది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే “నేరుగా గానీ, ఏ ఏజెన్సీ ద్వారా గానీ” కూలికి పెట్టుకున్న స్త్రీ అని స్పష్టంగా ఉంది. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది, 2025 నవంబరు 21 నుంచి స్మృతే అమల్లో ఉంది. అందులోనూ కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు ఉద్యోగులే. మస్టరు రోల్ (హాజరు పట్టీ) మీద పనిచేసే రోజు కూలీ ఆడవాళ్లకు కూడా ఈ సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో తేల్చింది.

ముందు మీ కూలి చీటీ తీసి చూడండి. ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కింద 0.75 శాతం కోస్తున్నారా? నెలకు 21,000 రూపాయల లోపు కూలి వచ్చేవాళ్లకు అది ఉండాలి. మేస్త్రీ మనుషులకైనా ఆ చందా కట్టే బాధ్యత మొదట ప్లాంటుదే. తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం వాళ్ల తంటా. ఈఎస్‌ఐ ఉంటే డబ్బు ఈఎస్‌ఐ కార్యాలయం నుంచే వస్తుంది, కంపెనీ ఇవ్వనక్కర్లేదు. దానికి కాన్పుకు ముందు వరస రెండు చందా కాలాల్లో (ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి) కలిపి 70 రోజుల చందా పడి ఉండాలి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. నెలకు 24 రోజులు పనిచేసిన మనిషికి 10 రోజులే చూపించే మేస్త్రీలున్నారు. మీ ఈఎస్‌ఐ నంబరుతో చందా వివరాలు ఇప్పుడే తీయించి చూసుకోండి, తొమ్మిదో నెల దాకా ఆగొద్దు.

ఈఎస్‌ఐ లేకపోతే డబ్బు యజమాని ఇవ్వాలి. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. లే ఆఫ్ ఇచ్చిన (పని లేదని ఇంటికి పంపిన) రోజులు, జీతంతో ఇచ్చిన సెలవులు కూడా ఆ 80లో కలుస్తాయి. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించకుండా తీసుకోవచ్చు. ఇద్దరు పిల్లలు బతికి ఉండి మూడో కాన్పయితే 12 వారాలే, ముందు 6 వారాలకు మించకూడదు.

ఇక లెక్క. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల్లో మీకు వచ్చిన కూలి మొత్తాన్ని, మీరు పనిచేసిన రోజులతో భాగించాలి. కిలోల లెక్కయినా ఇంతే. మూడు నెలల్లో 66 రోజులు పనిచేసి 29,700 రూపాయలు తెచ్చుకున్నారనుకోండి. రోజుకు 450. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులని సుప్రీంకోర్టు 1977లో, బి. షా కేసులో చెప్పింది. 26 వారాలంటే 182 రోజులు. 182 ఇంటూ 450, మొత్తం 81,900 రూపాయలు.

ఇక్కడ రెండు రకాలుగా తగ్గిస్తారు. వారానికి ఆరు రోజులే లెక్కగడితే 156 రోజులు, 70,200 వస్తుంది, 11,700 పోయినట్టే. రెండోది ఇంకా అన్యాయం. 29,700ను పనిచేసిన 66తో కాకుండా మూడు నెలల 90 రోజులతో భాగిస్తారు. రోజుకు 330 అవుతుంది, చేతికొచ్చేది 60,060. అంటే 21,840 పోయింది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీద “66” ఉందా “90” ఉందా చూడండి.

నోటీసు తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఫలానా తేదీ నుంచి సెలవు, ఆ కాలంలో మరెక్కడా పనిచేయను, డబ్బు నాకు గానీ ఫలానా వారికి గానీ ఇవ్వండి అని రాసి, కాన్పు తేదీ ఉన్న డాక్టరు కాగితం జతచేయండి. ఒకటి మేస్త్రీకి, ఒకటి ప్లాంటులో సిబ్బంది వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్‌కు. వాళ్లు తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముందు ఇవ్వడం కుదరకపోతే కాన్పయ్యాక ఇచ్చినా హక్కు పోదు. కాన్పుకు ముందు కాలానికి డబ్బు ముందుగానే ఇవ్వాలి, మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో. ఉచిత వైద్యం యాజమాన్యం చూపకపోతే పైన 3,500 మెడికల్ బోనస్. సెలవులో ఉన్నందుకు పనిలోంచి తీసేయడం నేరం. గర్భం పోయినా ఆరు వారాల సెలవు ఉంది. ఆ బాధలో దాన్ని అడిగేవాళ్లే లేరు, తోటివాళ్లు గుర్తు చేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఐసు నీళ్ల టేబులు దగ్గర గంటల తరబడి నిలబడే పని మీది. కాన్పు తేదీకి ఆరు వారాల ముందు ఉండే నెల రోజుల్లో, మీరు కోరితే ఎక్కువసేపు నిలబడే పని, బరువు పని చెప్పకూడదు. మీకిప్పుడు ఆరో నెల. వచ్చే నెలాఖరులోపు ఆ కోరికను కూడా రాసి ఇవ్వండి. కూర్చుని చేసే గ్రేడింగో ప్యాకింగో ఇమ్మనండి. దీని వంకతో కూలి తగ్గించకూడదు.

హాజరు రుజువు లేనివాళ్లు ఈ రోజు నుంచే ఒక క్యాలెండరు మీద తేదీ, కిలోలు, చేతికొచ్చిన డబ్బు రాసుకోండి. కంపెనీ బండి ఎక్కే చోట వారానికొక ఫోటో, ఫోన్‌పేలో పడిన కూలి వివరం, పక్క టేబుల్ వాళ్ల సాక్ష్యం, ఇవన్నీ కార్మిక శాఖ విచారణలో పనికొస్తాయి.

ప్రశ్న: అత్తగారిల్లు కనిగిరి. తొలి కాన్పుకు పుట్టిల్లు ఉదయగిరి వచ్చాను. కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజనలో తొలి కాన్పుకిచ్చే 5,000లో 3,000 పడింది. బాబుకు అయిదో నెల, మిగతా 2,000 రాలేదు. రెండు చోట్లా అంగన్‌వాడీ వాళ్లు “మా దగ్గర కాదు” అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: పురిటికి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ మనది, రికార్డు మాత్రం అత్తగారింట్లో ఉండిపోతుంది. రెండో విడతకు రెండే షరతులు: బిడ్డ జనన నమోదు, 14వ వారం దాకా వేయాల్సిన తొలి విడత టీకాలు. జననం పుట్టిన చోటే నమోదవుతుంది కాబట్టి ధ్రువపత్రం ఉదయగిరి వైపే తీసుకోవాలి. 21 రోజుల్లోపయితే రుసుము లేదు. టీకాలు ఉదయగిరిలో వేయించి ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) రాయించుకుని ఉంటారు, కానీ దరఖాస్తు పెట్టిన కనిగిరి కార్యకర్తకు ఆ పేజీ చేరి ఉండదు. టీకాల పేజీని, జనన ధ్రువపత్రాన్ని ఫోటో తీసి ఆమెకు వాట్సాప్ చేయండి, దరఖాస్తు నంబరు అడిగి తీసుకోండి.

అక్కడ అంతా సరిగ్గా ఉంటే బ్యాంకు చూడాలి. ఈ డబ్బు ఆధార్‌కు జతపడిన ఖాతాలోకి పోతుంది. మీరు ఫారంలో రాసిన ఖాతాలోకే పడుతుందని లేదు. పెళ్లయ్యాక డ్వాక్రా కోసమో, గ్యాస్ కోసమో వేరే బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే, చివరగా ఎక్కడ జతపడిందో అక్కడ పడుతుంది. చాలామందికి డబ్బు వచ్చే ఉంటుంది, వాడకుండా వదిలేసిన ఖాతాలో కూర్చుని ఉంటుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉన్నా ఆగిపోతుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. కాన్పయిన 270 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, ఆ గడువు మాత్రం దాటనివ్వొద్దు.

ప్రశ్న: ఒంగోలులో ప్రైవేటు సంస్థలో ఏడాది కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. మార్చి 31తో కాంట్రాక్టు ముగుస్తుంది, ఫిబ్రవరిలో కాన్పు. మార్చి దాకానే సెలవు జీతం ఇస్తామంటున్నారు.

జవాబు: 26 వారాలకూ ఇవ్వాలి. కాన్పు ముందు 80 రోజుల పని ఉంటే, కాంట్రాక్టు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో డాక్టర్ కవితా యాదవ్ కేసులో తీర్పిచ్చింది. మీ దరఖాస్తులో ఆ తీర్పును ప్రస్తావించండి. పొగాకు గ్రేడింగుకు పోయే అక్కచెల్లెళ్లకూ ఒక మాట: సీజను ముగిశాక కాన్పయినా, వెనక 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పూర్తయ్యాయా అన్నదే లెక్క. కాన్పు నాటికి సీజను ఉందా లేదా అని చూడరు.

ప్రశ్న: మా ఊరి నుంచి 20 మంది ఆడవాళ్లం ఫ్యాక్టరీ పనికి పోతాం. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూసేస్తారు. ముసలి అత్తల మీద పిల్లల్ని వదిలి పోవడమే. శిశు సంరక్షణ కేంద్రం కావాలని రెండుసార్లు అర్జీ ఇచ్చాం, జవాబు లేదు. ఏం చేయాలి?
– ఒక సోదరి, అల్లూరు మండలం

జవాబు: అడగాల్సిన చోట్లు రెండున్నాయి. రెండు అర్జీలూ వేరువేరుగా రాయండి, కలిపి రాస్తే ఒకరి మీద ఒకరు తోసేస్తారు.

మొదటిది ఫ్యాక్టరీ. ఆడా మగా కలిపి 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రం) పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి పైగా ఆడవాళ్లు ఉండాలనేవారు, కాబట్టి “మా దగ్గర ఆడవాళ్లు పాతికమందే” అన్న జవాబు ఇప్పుడు చెల్లదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు కూడా ఇవ్వాలి. ఫ్యాక్టరీ 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే పసిబిడ్డను తెల్లవారుజామున బండిలో తీసుకుపోవడం ఎవరికైనా కష్టమే. అందుకే రెండో దారి కూడా కావాలి.

అది కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే నడిచే క్రెష్, కాగితాల్లో అంగన్‌వాడీ కమ్ క్రెష్ అంటారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలు, ఒక కేంద్రానికి 25 మంది దాకా, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. క్రెష్ కోసం విడిగా ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. ఈ సంగతి మీ అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పండి. తన నెత్తిన ఇంకో పని పడుతుందన్న భయంతోనే చాలాచోట్ల వాళ్లు వద్దంటారు, వాళ్ల భయం న్యాయమైనదే. ఖర్చులో 60 శాతం కేంద్ర ప్రభుత్వం, 40 శాతం రాష్ట్రం. ప్రతిపాదన కింది నుంచి పోతేనే మంజూరవుతుంది.

మీ అర్జీలు ఎందుకు ఆగాయో ఊహించగలం. “పిల్లలకు సౌకర్యం కల్పించగలరు” అని రాసి 20 సంతకాలు పెట్టి ఉంటారు. దాన్ని పట్టుకుని సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) ఏ ప్రతిపాదనా తయారు చేయలేరు. ఈసారి ఒక పేజీ పట్టిక రాయండి. ఒక్కో వరుసలో బిడ్డ పుట్టిన తేదీ, తల్లి పనిచేసే చోటు, బండి ఎక్కే సమయం, దిగే సమయం, ఇప్పుడు బిడ్డను చూస్తున్నది ఎవరు, వాళ్ల వయసు. “14 నెలల పాప, తల్లి 6:10కి ఎక్కి 5:40కి దిగుతుంది, చూసేది 71 ఏళ్ల నాయనమ్మ” అన్న ఒక్క వరుస చాలు, చదివే అధికారికి కళ్లకు కడుతుంది. కింద మూడేళ్ల లోపు ఎంతమంది, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు ఎంతమంది అని మొత్తం వేయండి. అంగన్‌వాడీ భవనానికి రెండో గది ఉందా, నీళ్లు, మరుగుదొడ్డి, కరెంటు ఉన్నాయా అన్నది రాయండి. లేకపోతే పంచాయతీ ఏ గది ఇస్తుందో రాయండి.

ఒక లోటు దాచకుండా చెప్పాలి. తల్లి పదకొండున్నర గంటలు ఇంట్లో ఉండదు, కేంద్రం నడిచేది ఏడున్నర గంటలు. పనివేళలు పొడిగించమని అర్జీలో మొదటి కోరికగా అదే పెట్టండి. లేకపోతే కేంద్రం వచ్చినా ఆ నాలుగు గంటలకు మళ్లీ నాయనమ్మే దిక్కు.

ఈ పట్టికను గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. తీర్మానం నకలుతో సీడీపీఓకు ఒకటి, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) ప్రాజెక్టు డైరెక్టరుకు ఒకటి, సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఒకటి ఇవ్వండి. గ్రీవెన్స్‌లో ఇచ్చిన రశీదు నంబరు పోనివ్వొద్దు, తర్వాత అడగాలంటే అదే ఆధారం.

ఊళ్లో ఉపాధి హామీ పనికి పోయేవాళ్ల సంగతి: అయిదుగురు, అంతకు మించి చిన్నపిల్లలు పని దగ్గరికి వస్తే, కూలీల్లో ఒకామెను పిల్లల్ని చూడటానికే పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూలులోనే రాశారు. 2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు కాబట్టి, ఈ ఏర్పాటు ఇప్పుడెలా ఉందో ఉపాధి కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: మా మహిళా సంఘాల సమాఖ్య తరఫున ఎమ్మెల్యే గారికి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. తల్లుల కోసం ఏమేం అడగాలి?
– సమాఖ్య సభ్యులు, టంగుటూరు

జవాబు: పది కోరికలు రాస్తే ఒక్కటీ గుర్తుండదు. మూడు రాయండి.

ఒకటి, డబ్బు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000కు తగ్గకుండా ఇవ్వాలంది. మాతృ వందన యోజనలో ఇస్తున్నది తొలి కాన్పుకు 5,000, రెండో కాన్పుకు ఆడపిల్లయితేనే. పై లెక్కలో రొయ్యల ప్లాంటు చెల్లెలికి రోజుకు 450. ఆమెకు 5,000 అంటే పదకొండు రోజుల కూలి. తడ దాటితే తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద కిట్లతో కలిపి 18,000 ఇస్తున్నారు. రాష్ట్రం తన వాటా కలిపి పెంచాలని అడగండి. యజమాని అంటూ లేని నాట్ల కూలీ, ఇంటి పని ఆమె, చేపలమ్మే ఆమె, వీళ్లందరికీ ఇదొక్కటే దారి.

రెండు, మూడో కాన్పు. ఎన్నో కాన్పయినా ప్రభుత్వ ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇస్తామని 2025 మార్చి 8న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అప్పటికి మీ జిల్లాలోనే ఉన్న మార్కాపురం సభలో చెప్పారు. మంచి మాట. అదే మూడో బిడ్డకు ఫ్యాక్టరీలో పనిచేసే తల్లికి 84 రోజులే. ఇద్దరి ఒళ్లూ ఒకటే కదా. ఆ తేడా తీసేయాలని రాష్ట్రం తరఫున కేంద్రాన్ని కోరమనండి.

మూడు, తండ్రి సెలవు. ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులుంది, ప్రైవేటు వాళ్లకు చట్టంలో ఒక్కరోజూ లేదు. సిజేరియన్ అయిన భార్యను మూడో రోజే వదిలి గ్రానైటు పాలిషింగుకు పోవాల్సి వస్తోంది. 26 వారాల జీతభారం మొత్తం తల్లి యజమాని మీదే ఉన్నంతకాలం పెళ్లయిన ఆడపిల్లను పనిలోకి తీసుకోవడానికి వెనకాడుతూనే ఉంటారు. ఈఎస్‌ఐ ఉంటే ఆ భారం యజమాని మీద పడదు కాబట్టి, దాని పరిధిని చిన్న యూనిట్లకూ విస్తరించమనే కోరికను ఇక్కడే కలపండి.

ప్రతి కోరిక కింద మీ సమాఖ్య గ్రామాల్లో అది ఎంతమందికి వర్తిస్తుందో మీరే ఎంచిన అంకె రాయండి. వినతిపత్రం డిసెంబరు దాటకుండా అందాలి. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది, శాఖల ప్రతిపాదనలు అంతకు ముందే పోతాయి.