నల్గొండ కోర్టు నుంచి యుద్ధ నేరాల కేసుల దాకా దారి ఉందా?

తమ్ముడూ, నల్గొండలో నాలుగేళ్లుగా క్రిమినల్ ప్రాక్టీస్ చేస్తున్నావు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన ఒప్పందం, రోమ్ శాసనంపై మన దేశం సంతకం పెట్టలేదు కదా, యుద్ధ నేరాల కేసుల్లో పనిచేసే దారి మూసుకుపోయినట్టేనా అని అడిగావు. లేదు.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో జడ్జి కావాలంటే మాత్రం సభ్యదేశ పౌరసత్వం తప్పనిసరి. ఉద్యోగాల్లోనూ మొగ్గు వాళ్లకే. నిందితుల, బాధితుల తరఫు న్యాయవాదుల జాబితాకు ఆ పట్టింపు లేదు. 10 ఏళ్ల అనుభవం, ఇంగ్లిష్ గానీ ఫ్రెంచ్ గానీ ధారాళంగా రావడం చూస్తారు.

నేనైతే ముందు ఐక్యరాజ్యసమితి వైపు చూస్తాను. సిరియా కోసం 2016లో, మయన్మార్ కోసం 2018లో ఏర్పాటు చేసిన సాక్ష్యాల సేకరణ సంస్థలు జెనీవాలో ఉన్నాయి. ఐరాసలో మనం సభ్యులమే కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు.

అక్కడి పని నీకు కొత్తేం కాదు. ఆ ఫోన్ వీడియో ఎవరు తీశారు, ఎన్ని చేతులు మారింది, సాక్షి మొదటి వాంగ్మూలానికీ రెండోదానికీ తేడా ఎక్కడుంది? పంచనామాలో సీలు వేసిన టైముకీ, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు (ఎఫ్‌ఎస్‌ఎల్‌) చేరిన టైముకీ మధ్య సందు పట్టుకుని నువ్వు క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాగేది ఇదే కదా! అందుకే మీ సీనియర్ ఎంత చెప్పినా, ప్రాక్టీస్ వదిలి విదేశీ ఎల్ఎల్ఎం కోసం పొలం తాకట్టు పెట్టొద్దు. యుద్ధంలో గాయపడినవాళ్లకూ ఖైదీలకూ పౌరులకూ రక్షణ ఇచ్చే జెనీవా ఒప్పందాలపై 1960లో వచ్చిన జెనీవా ఒప్పందాల చట్టం చదువు. మన పార్లమెంటు చేసిందే, మన బార్‌లో తెరిచి చూసినవాళ్లు తక్కువ. ఫ్రెంచ్ హైదరాబాద్‌లోని అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో నేర్పిస్తారు.

ఇంటర్న్‌షిప్‌లకు చాలావరకు జీతం ఉండదు, హేగ్‌లో అద్దెలు మండిపోతాయి. ఆ లెక్క వేసుకున్నాకే అప్లై చెయ్యి.