పొడుగు మాటలో ఊనిక ఎక్కడ?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు నుంచి అమెరికా వచ్చే పిల్లలు నన్ను తరచుగా అడిగే సందేహం ఇది: "అక్కా, ఇంగ్లీషు వ్యాకరణం తప్పకుండానే మాట్లాడుతున్నాను. పొడుగు మాట రాగానే ఎదుటివారు మళ్ళీ చెప్పమంటున్నారు. ఎందుకని?"

తెలుగులో ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలకడం మన అలవాటు. ఇంగ్లీషు పొడుగు మాటలో ప్రధానమైన ఊనిక, అంటే నొక్కి పలికే బరువు (స్ట్రెస్), ఒక్కచోటే పడుతుంది, మిగిలిన అచ్చులు చాలావరకు కుదించుకుపోతాయి. వినేవారి చెవి ఆ ఊనిక కోసమే చూస్తుంది. వచ్చిన కొత్తలో నేను ఫోనులో 'ఫార్మస్యూటికల్' అని మూడుసార్లు చెప్పాను, ప్రతిసారీ ఇంకాస్త నిదానంగా. అవతలివారికి అందలేదు. 'సూ' మీద ఉండవలసిన బరువును 'ఫార్' మీద వేశాను. నిదానించిన కొద్దీ ఆ తప్పే గట్టిపడింది.

ఊనిక ఒకేచోట కుదురుగా ఉండదు కూడా. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి 'ఫో' మీద ఉంటుంది. తీసే మనిషిని చెప్పేటప్పుడు 'ఫటాగ్రఫర్' అవుతుంది, బరువు 'టా' మీదికి జరుగుతుంది. 'ఫోటోగ్రాఫిక్'లో 'గ్రా' మీదికి పోతుంది. అందుకే మాటను తోక నుంచి చూడమంటాను. చివర 'షన్', 'ఇటీ', 'ఇక్' ఉంటే సాధారణంగా దానికి సరిగ్గా ముందున్న భాగమే బలమైనది: ఎడ్యుకేషన్‌లో 'కే', రెస్పాన్సిబిలిటీలో 'బి'. 'పాలిటిక్స్', 'క్యాథలిక్' వంటివి ఈ దారిన నడవవు, వాటిని విడిగా గుర్తుంచుకోవలసిందే.

మరీ పెద్ద మాటను సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు విడదీయండి. ఆసుపత్రి బోర్డు మీద 'ఓటోరైనోలారింగాలజీ' కనిపిస్తే బెదరనక్కరలేదు. ఇంగ్లీషులో పందొమ్మిది అక్షరాలు, ముక్కలన్నీ గ్రీకువే: ఓటో చెవి, రైనో ముక్కు, లారింగ్ స్వరపేటిక, చివరిది శాస్త్రం. బయాలజీలో 'ఆ' మీద నొక్కినట్టే ఇక్కడ 'గా' మీద నొక్కితే చాలు.

మన సరిహద్దు పిల్లలకు ఇందులో ఒక మేలు ఉంది. మనం ఇంట్లో 'జగన్నాథ' అంటాం, వీధిలో ఒడియావారు అదే పేరును 'జొగొన్నాథొ' అంటారు. మాట ఒకటే అయినా పలుకు వేరవుతుందని మన చెవికి చిన్ననాడే తెలుసు. సవర భాషకు పుస్తకాలు లేని రోజుల్లో గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉంటూ, సవరల నోట విని ఆ భాష నేర్చుకున్నారు. మీరూ అలాగే ముందు వినండి, తరువాతే అక్షరాలు చూడండి.

చాలా నిఘంటువుల్లో ఊనిక పడే భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. బ్రిటన్ వెళ్ళేవారు అక్కడి ఉచ్చారణనే చూసుకోవాలి: 'లాబొరేటరీ'లో అమెరికావారు మొదటి భాగాన్ని నొక్కితే, బ్రిటన్‌వారు రెండోదాన్ని నొక్కుతారు.